భర్తను చంపితే రాజద్రోహం

ఇంగ్లండు నేరాల చరిత్ర, శిక్షల చరిత్ర చదువుతున్నప్పుడు ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట ‘పెటీ ట్రీజన్’. అంటే చిన్న రాజద్రోహం. మూడవ ఎడ్వర్డు కాలంలో, 1351లో వచ్చిన రాజద్రోహ చట్టం, రాజుకి చేసే ద్రోహంతో పాటు ఇంకో మూడు రకాల హత్యల్ని కూడా ద్రోహంగా లెక్కగట్టింది. నౌకరు యజమానిని చంపడం, మతాధికారి తన పై అధికారిని చంపడం, భార్య భర్తని చంపడం. భర్త భార్యని చంపితే మాత్రం అది మామూలు హత్యే! దేశానికి రాజు ఎలాగో ఇంటికి మొగుడు అలాగన్నమాట. మన ఇళ్లల్లో పతియే ప్రత్యక్షదైవమని సుద్దులు చెప్పారు. వాళ్లు దాన్ని శిక్షాస్మృతిలోనే రాసుకున్నారు.

శిక్షలోనూ తేడా ఉంది. పెటీ ట్రీజన్ చేసిన మగవాణ్ణి నేలమీద ఈడ్చుకెళ్లి ఉరి తీసేవాళ్లు. ఆడమనిషినైతే కొయ్యకి కట్టి తగలబెట్టేవాళ్లు. రాజద్రోహం చేసిన మగవాళ్లని ముక్కలుగా నరికేవారు కదా, స్త్రీల శరీరాలని అలా నలుగురిలో బయటపెట్టి ఛిద్రం చేయడం మర్యాద కాదు కాబట్టే కాల్చడమని 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ వివరించాడు. స్త్రీల గౌరవం పేరుతో ఎన్నెన్ని దారుణాలు జరగగలవో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ కావాలా?

1726లో లండన్ టైబర్న్ దగ్గర కాథరిన్ హేస్ అనే ఆమెని ఇలాగే కాల్చారు. ఇద్దరు మగవాళ్లతో కలిసి భర్తని చంపించిందని నేరం. మంట పెట్టేముందు తాడుతో గొంతు బిగించి ప్రాణం తీయడం అప్పటి ఆనవాయితీ. మంట ఎగసి తలారి చేతులు కాలడంతో అతను తాడు వదిలేశాడు. ఆమె బతికుండగానే కాలిపోయింది. ఆ ఇద్దరు మగవాళ్లలో ఒకడు జైల్లో చనిపోయాడు, రెండోవాణ్ణి ఉరి తీశారు. 1789లో దొంగ నాణేల నేరానికి కాథరిన్ మర్ఫీని గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. అదే నేరానికి ఆమె భర్తకి పడింది ఉరిశిక్షే. ఇంగ్లండులో ఈ శిక్ష పొందిన ఆఖరి స్త్రీ ఆమె. 1790లో స్త్రీలని కాల్చే శిక్ష రద్దయింది. 1828లో పెటీ ట్రీజన్ అనే నేరమే చట్టంలోంచి పోయి, మామూలు హత్యలో కలిసిపోయింది.

పేరు పోయింది. మరి ఆ కొలత పోయిందా?

ఎదుటివాళ్లు రెచ్చగొడితే ఒళ్లు తెలియని కోపంలో చంపానని రుజువైతే, దాన్ని హత్యకన్నా తక్కువ నేరంగా చూడడం ఇంగ్లీషు చట్టంలో ఎప్పటినుంచో ఉంది. ఏది రెచ్చగొట్టడం అవుతుందో 1707లో ఒక తీర్పులో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ జాబితా వేశాడు. భార్యతో మరో మగవాణ్ణి చూసిన భర్త ఆ క్షణంలోనే అతన్ని చంపడం అందులో ఒకటి. వ్యభిచారం మగవాడి ఆస్తిమీద జరిగే అతి పెద్ద దాడి అని ఆయన ఉద్దేశం. ఆస్తి అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆస్తికి దెబ్బలు తప్పించుకునే దారి ఉందా అంటే, దాదాపు లేదు. 1857 దాకా పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు ఒక్కో జంటకీ ప్రత్యేకంగా చట్టం చేయాలి. భార్యలని చిత్రహింసలు పెట్టడం గురించి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ 1878లో రాసింది. తీవ్రంగా కొట్టి శిక్షపడిన భర్త నుంచి భార్య విడిగా ఉండడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చని ఆ ఏడాదే చట్టం వచ్చింది.

1949లో రెనీ డఫీ అనే స్త్రీ, తనని హింసించే భర్తని గొడవ తర్వాత పక్కమీద ఉండగా చంపింది. ఆత్మనిగ్రహం హఠాత్తుగా పోయి ఉండాలని జడ్జి డెవ్లిన్ జూరీకి చెప్పాడు. ఆమెది హత్యేనని తేల్చారు. ఆ నిర్వచనమే తర్వాత దశాబ్దాల పాటు నిలిచింది. ‘హఠాత్తుగా’ అన్న మాట ఎవరి కోపానికి సరిపోతుంది? ఒంట్లో బలమున్నవాడు అక్కడికక్కడే చేయి చేసుకోగలడు. తిరగబడితే చచ్చేదాకా కొడతాడని తెలిసిన ఆడది అతను నిద్రపోయేదాకా ఆగుతుంది. చట్టానికి ఆ ఆగడమే పథకంగా కనిపించింది.

ఐశ్వర్యారాయ్ నటించిన ‘ప్రొవోక్డ్’ సినిమా చూసినవాళ్లకి కిరణ్‌జిత్ అహ్లువాలియా గుర్తుంటుంది. పంజాబు నుంచి పెళ్లిచేసుకుని ఇంగ్లండు వెళ్లి, పదేళ్లు దెబ్బలు తిని, 1989లో నిద్రపోతున్న భర్తమీద పెట్రోలు పోసి నిప్పంటించింది. యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఉద్యమం నడిపాక 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆలస్యమైనంత మాత్రాన వాదన చెల్లకుండా పోదని అంటూనే, ఆమె విషయంలో మాత్రం రెచ్చగొట్టడమనే వాదనని ఒప్పుకోలేదు. చివరికి ఆమె బయటపడింది మానసిక స్థితి బాగాలేదన్న కారణం మీద.

2009 చట్టం పాత వాదనని రద్దుచేసి, నిగ్రహం హఠాత్తుగానే పోనక్కర్లేదంది. 2015లో భాగస్వామిని నిత్యం అదుపులో పెట్టి వేధించడం కూడా నేరమైంది. అయినా భర్తని చంపిన శాలీ చాలెన్ 2019లో విడుదలైనప్పుడు ప్రాసిక్యూషన్ ఒప్పుకున్నది మళ్లీ మానసిక స్థితి వాదననే.

ఈ తూకం మనకీ చేరింది. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ లోని ‘తీవ్రమైన, హఠాత్తుగా జరిగిన రెచ్చగొట్టడం’ అన్న మినహాయింపు, 2024లో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంది.

చంపడాన్ని నేను సమర్థించడం లేదు. నా అభ్యంతరం కొలత గురించే. ఒకప్పుడు ద్రోహి అన్నారు, ఇప్పుడు జబ్బుమనిషి అంటున్నారు. ఏళ్ల తరబడి భయంతో బతికిన మనిషి ఆ భయానికి అర్థమున్న మనిషేనని చట్టం ఒప్పుకోవడానికి ఇంకా ఎందుకు తటపటాయిస్తోంది?