డాక్టరుగారికి అనుమానం జబ్బు

మన తెలుగు కథల్లో డాక్టరుగారికి ఆస్పత్రిలో పని తక్కువ, ఇంట్లో పని ఎక్కువ. మెడలో స్టెతస్కోపు ఉంటుంది గానీ అది ఎవరి గుండెమీదా ఆనదు. ఈ సంగతి మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఆడవాళ్లకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో! మాకు రెండు రకాల డాక్టర్లూ అందుబాటులోనే ఉన్నారు మరి. మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో భాస్కర వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ. పగలు ఆస్పత్రిలో ఓ.పి. చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటాం. సాయంత్రం ఇంటికొచ్చి టీవీలో డాక్టరుబాబు కోసం కూర్చుంటాం.

అసలీ డాక్టరు కథలు పుట్టింది టీవీలో కాదండీ, పత్రికల్లో. అమెరికాలో డాక్టర్ కిల్డేర్ అనే కుర్ర డాక్టరు 1936లో ఒక పత్రిక కథలో పుట్టాడు. తర్వాత సినిమాకెక్కాడు, రేడియోలో మాట్లాడాడు, 1961లో టీవీలోకొచ్చాడు. అదే ఏడు ‘బెన్ కేసీ’ వచ్చింది. అంతకుముందే 1951లో అక్కడ ‘సిటీ హాస్పిటల్’, 1957లో ఇంగ్లండులో ‘ఎమర్జెన్సీ వార్డ్ 10’ మొదలయ్యాయి. ఆ రోజుల్లో అమెరికా వైద్యుల సంఘంవారు కమిటీ వేసుకుని మరీ ఈ నాటకాల స్క్రిప్టులు చూసేవారు. ఇక డాక్టరు తప్పు చేస్తాడా? చేస్తే వాళ్లూరుకుంటారా? 1969లో ‘మార్కస్ వెల్బీ’ వచ్చాక ఆ వేషం వేసిన రాబర్ట్ యంగ్‌కి వైద్య సలహా అడుగుతూ లక్షల్లో ఉత్తరాలు వచ్చాయని చెబుతారు. పాపం, ఆయన నటుడు. జలుబుకి కూడా మందు చెప్పలేడు!

మనదగ్గరా అంతే, నవలే మొదలు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ నవలని 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు ‘డాక్టర్ చక్రవర్తి’గా తీశారు. ఉత్తమ చిత్రంగా నంది బహుమతి అందుకున్నది అదే. చెల్లెల్ని పోగొట్టుకున్న డాక్టరు స్నేహితుడి భార్యలో ఆ చెల్లెల్ని చూసుకుంటాడు. లోకం ఊరుకుంటుందా? ఇంట్లోవాళ్లకీ అనుమానమే. అంత పెద్ద డాక్టరు కథలోనూ మనల్ని ఏడిపించింది రోగం కాదు, అనుమానం.

హైదరాబాదుకి టీవీ 1977లో వచ్చింది. హిందీలో విజయా మెహతాగారు 1991లో ‘లైఫ్‌లైన్’ తీసి దూరదర్శన్‌లో ఆస్పత్రిని ఆస్పత్రిలాగే చూపించారు. 2002లో ‘సంజీవని’ వచ్చింది. అందులో ఆస్పత్రితో పాటు ప్రేమలూ ఉన్నాయనుకోండి. మన తెలుగులో మాత్రం డాక్టరు ఇల్లు కదల్లేదు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా, 1500 పైచిలుకు భాగాలు నడిచిన ‘కార్తీకదీపం’ సంగతే చూడండి. నిరుపమ్ పరిటాల వేసిన డాక్టరుబాబు, ప్రేమీ విశ్వనాథ్ వేసిన వంటలక్క. తనకి పిల్లలు పుట్టరని డాక్టరుబాబు నమ్ముతాడు. అలా నమ్మించిందీ మరో డాక్టరమ్మే! భార్య గర్భవతి కాగానే ఆమెను అనుమానిస్తాడు. ఆ ఇల్లాలు బయటికి నడిచి, వంటలు చేసుకుని బతుకుతుంది. డి.ఎన్.ఏ. పరీక్ష ఒక్కటి చేయిస్తే తేలిపోదా అని ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అడిగినవాళ్లే. మాకు కూరగాయలు తెచ్చే అవ్వ కూడా గంప దించి అడిగింది: “గింత సదువుకున్న డాక్టరుకు గా పరీక్ష సంగతి తెల్వదా బిడ్డా? మా కోడలికి ఆస్పత్రిల ఒక్కనాడే నాలుగు పరీక్షలు రాసిన్రు.”

అవ్వ మాటలో ఉంది అసలు కిటుకు. పరీక్షలు రాసింది కోడలికి. కొడుక్కి? పిల్లలు లేరని ఆస్పత్రికొచ్చే జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని వైద్యులు చెబుతారు. అతనికి చేసే మొదటి పరీక్ష సులువు, ఖర్చూ తక్కువ. అయినా చీటీ పట్టుకుని వరసలో నిలబడేది ఆడదే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లోపం మగవాడిలో ఉండొచ్చునన్న మాట ఆ సీరియలు ఇంటింటా వినిపించింది. అదీ చిన్న సంగతి కాదు. కానీ శిక్ష పడింది మాత్రం మళ్లీ భార్యకే.

సీరియళ్లలో ఇంకో వింత చూశారూ? తెరమీద గుండె గీత సాపుగా అయిపోగానే డాక్టరు కరెంటు షాకిస్తాడు, గీత లేచి కూర్చుంటుంది. నిజానికి సాపు గీతకి షాకు పనిచెయ్యదు. గుండె గతి తప్పి అదిరిపోతున్నప్పుడు దాన్ని దారికి తేవడానికే ఆ యంత్రం. అమెరికాలో ముగ్గురు వైద్యులు ‘ఇ.ఆర్.’ వంటి మూడు కార్యక్రమాలు చూసి 1996లో లెక్కగట్టారు. ఛాతీ నొక్కి ప్రాణం పోసే ప్రయత్నం చేసిన రోగుల్లో 75 శాతం మంది టీవీలో అప్పటికి బతికారట. నిజం ఆస్పత్రుల్లో అలా గుండె ఆగినవాళ్లలో ఐదుగురికి ఒకరు ఇల్లు చేరితే అదృష్టం. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల మధ్య 108 బండి కూత వినపడ్డప్పుడల్లా ఈ లెక్క గుర్తొస్తుంది నాకు. ఆ బండిలో మనిషి పోతే, “టీవీల బతికిచ్చిన్రు గదా, వీళ్లకేమైంది?” అని డాక్టర్ల మీదికి వెళ్లేవాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఆస్పత్రి కథలకి మనకేం కరువు! 1888, 1889లలో ఆరవ నిజాము ఖర్చుతో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. మత్తు వికటిస్తే ముందు ఆగేది గుండా, ఊపిరా? ఊపిరేనని డాక్టర్ లారీ పట్టు. ఆ పరిశోధనల రోజుల్లో ఆయన దగ్గరే చదువుకుంది రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని ఆమెకి పేరు. ఆడవాళ్లు గడప దాటితేనే వింతగా చూసిన కాలంలో, ఆపరేషను బల్ల దగ్గర రోగి ఊపిరి కనిపెట్టుకుని నిలబడింది. 1909లో మళ్లీ చదువుకోవడానికి ఎడిన్‌బరో వెళ్లింది. ఇదెంత సీరియలు అవుతుందో చెప్పండి!

ఈ కథంతా అవ్వకి చెప్పాను. బెండకాయలు తూచడం మానేసి మరీ విన్నది. చివరికి గంప ఎత్తుకుంటూ, “గదంత మంచిగనే ఉంది గని బిడ్డా, గామె అత్త ఎసొంటిది?” అనడిగింది.