నాణేల అంగడిలో తెలుగు అక్షరం

చెన్నైలో గాని, బెంగుళూరులో గాని, ముంబయి కోట ప్రాంతపు కాలిబాట మీద గాని పాత నాణేల కొట్టు ముందు నిలబడితే వెండి రూపాయలు అద్దాల పెట్టెలో కనిపిస్తాయి. చిల్లర మాత్రం పక్కన ఒక తట్టలో గుట్టగా పోసి ఉంటుంది. అందులో ఏది ఏరుకున్నా ఒకటే ధర. మా విద్యార్థులను అటువంటి కొట్టుకు తీసుకువెళ్ళినప్పుడు మేము వారిచేత మొదట చేయించే పని ఒకటుంది. ఆ గుట్టలోనుంచి అంచు అలలుగా ఉన్న అణా ఒకదానిని ఏరించి, వెనుకవైపు తిప్పి చూడమంటాము. ఐదవ జార్జి కాలపు అణా అయితే దాని విలువ ఇంగ్లీషుతోపాటు నాగరి, పారసీ, బెంగాలీ, తెలుగు లిపులలో ఉంటుంది. తమిళం లేదు, కన్నడం లేదు, ఒడియా లేదు. దక్షిణాది లిపులన్నింటిలోను తెలుగు ఒక్కటే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండికి కరవు వచ్చి చిన్న నాణేలను నికెలు కలిసిన లోహంతో కొట్టవలసి వచ్చింది. 1918లో చదరపు బేడ, 1919లో ఎనిమిది పలకల పావలా, గుండ్రని అర్ధరూపాయి వెలువడ్డాయి. వాటి మీద కూడ ఈ నాలుగు లిపులే ఉన్నాయి. ఈ అర్ధరూపాయిని 1919, 1920 సంవత్సరాలలో మాత్రమే కొట్టారు. అందుచేత అది తట్టలో దొరకదు, అద్దాల పెట్టెలోకి ఎక్కింది. పెషావరులోను ఢాకాలోను చేతులు మారిన చిల్లర మీద తెలుగు ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు మాకు తోచే సమాధానం ఒకటే. దక్షిణాదిన అత్యధికులు మాట్లాడే భాష తెలుగని ఆనాటి జనగణనలు చెబుతున్నాయి. కారణం ఏదైనా, బడిలో తెలుగు వాచకం దొరకని ఊళ్ళలో పెరిగిన మన పిల్లలకు, తాతగారి ట్రంకుపెట్టెలోని అణా మీద తెలుగు ఉందన్న సంగతి చిన్నది కాదు.

అక్షరం సంగతి అలా ఉంచి మాటల సంగతి చూద్దాము. మనం రోజూ అనే 'డబ్బు' ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. దాని విలువ ఇరవై కాసులు. బెంగుళూరు, హోసూరు వైపు తెలుగువారు 'దుడ్లు' అంటారు. అదీ రాగి నాణెమే. తమిళంలోని 'తుట్టు' దానికి తోబుట్టువు. 'రూక', 'పణం', 'మాడ', 'వరహా' అన్నీ ఒకప్పుడు చేతిలో పట్టుకొని ఒరిపిడిరాయి మీద గీసి చూడగలిగిన వస్తువుల పేర్లు. యానాం విద్యార్థులకు ఇందులో ఒక చిన్న వినోదం ఉంది. ఫ్రెంచివారు పుదుచ్చేరిలో కొట్టించిన రాగి నాణేన్ని 'డూడూ' అన్నారు. ఒకవైపు ఫ్రాన్సు రాజుల లిల్లీపువ్వు, రెండవవైపు తమిళంలో పుదుచ్చేరి పేరు, పలకడానికి మన దుడ్డు!

ఇక కుంఫిణీవారి నాణేల వరస గమనించదగినది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కారులలో చెలామణీకోసం వారు 1794లోను 1797లోను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో యంత్రాలతో రాగి నాణేలు కొట్టించి ఓడలలో తెప్పించారు. రూపాయికి నలభై ఎనిమిది అని వాటి మీద ఇంగ్లీషులోనే ఉంది. మరొకవైపు కుంఫిణీ చిహ్నం, లాటిన్ వాక్యం. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం కూడ ఆనాడు శ్రీకాకుళం సర్కారులో భాగమే, 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోనిదే. కనుక బరంపురం, పర్లాకిమిడి ఇళ్ళలో ఈ నాణెం బయటపడితే వింత లేదు. తెలుగుదేశానికని కొట్టిన ఈ యంత్రపు నాణెం మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడ లేదు. 1803 నాటి ఇరవై కాసుల నాణెం మీద పారసీ వచ్చింది. మద్రాసు టంకశాలను కొత్త యంత్రాలతో దిద్దుకున్న తరువాత, సుమారు 1807 నుంచి, గోపురమూ విష్ణుమూర్తీ ఉన్న వెండి అరవరహా, పావువరహాల మీద, రాగి డబ్బుల మీద ఇంగ్లీషు, పారసీలతోపాటు తమిళం, తెలుగు కనిపిస్తాయి. నాణెం చేతికి తీసుకునే రైతుకు, సంతలో కూర్చునే కోమటికి అది చదవవలసిన వస్తువని దొరలకు తెలిసిరావడానికి పదేళ్ళకు పైగా పట్టింది.

చదవవలసిన అవసరం ఎంతటిదో తెలియాలంటే శరాబు అంగడిని తలచుకోవాలి. నేటి నాణేల కొట్టుకు పూర్వరూపం అదే. లెక్క ప్రకారం వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు, అంటే వరహాకు 3,360 కాసులు. అది పుస్తకంలో లెక్క. బజారులో మాత్రం రాగి ధరను బట్టి, అరుగుదలను బట్టి, ఏ టంకశాలదన్న దానిని బట్టి రోజుకొక మారకం. ఆ తేడాయే వట్టం. శరాబు దాని మీద బ్రతికాడు. గుత్తిలో టిపూసుల్తాను కొట్టించిన పైసా, మచిలీపట్నంలో ఫ్రెంచివారు కొట్టించిన రూపాయి, మైసూరు కంఠీరవ పణం, అన్నీ అతని పలకమీదికి వచ్చేవి. పన్ను కట్టవలసిన కాపుకు వట్టం భారం తక్కువది కాదు. కాని అంగడికి వచ్చిన ప్రతి నాణెమూ ఎక్కడిదో శరాబు అడిగేవాడు, అడగనిదే ధర కట్టలేడు. ఈ మాట మళ్ళీ అవసరపడుతుంది కనుక పాఠకులు గుర్తుంచుకోగలరు.

1818లో మద్రాసులో వరహాకు బదులు రూపాయి ప్రమాణమయింది. నూరు వరహాలకు మూడువందల యాభై రూపాయలుగా మారకం కట్టారు. 1835లో కుంఫిణీ ఏలుబడిలోని ప్రాంతమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. వరహాలు, పణాలు కంసాలి మూసలోకి పోయాయి. ఎన్ని పోయాయో లెక్కకు అందదు. మిగిలినవాటిని కొన్నవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు కాలిన్ మెకంజీది. ఆయన చనిపోయిన తరువాత 1828లో విల్సన్ అచ్చువేసిన పట్టికలో 6,218 నాణేలు ఉన్నాయి. మెకంజీకి దక్షిణదేశపు భాషలు రావు. ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి కింది పండితులు. ఏ ఊళ్ళో ఏది దొరికిందో రాసుకోవడమే వారి వృత్తి. తరువాత ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ దక్షిణదేశపు నాణేల మీద పెద్ద గ్రంథం రాశాడు. అది 1880లలో వెలువడింది.

మద్రాసు తెలుగువారిలో పెద్దలకు మూర్ మార్కెట్టు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పాత పుస్తకాలు, పాత సామాను దొరికే ఆ ఎర్ర కట్టడం 1985లో కాలిపోయింది. ఇప్పటి కొట్లలో బేరం ఎలా నడుస్తుందో రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాము. 1939 వరకు వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. 1940 నుంచి సగమే వెండి. 1947లో అది కూడ లేదు, నికెలు. అందుచేత మామూలు సంవత్సరపు రూపాయికి వర్తకుడు ముందు వెండి ధరే కడతాడు. ఆ పైన సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల చూస్తాడు. 1939 రూపాయి అరుదు కనుక దాని దారి వేరు. ఇంట్లో దొరికిన రాగి కాసును చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమి తీసుకుపోకండి. ఆ నల్లటి పొరే దాని వయసుకు సాక్ష్యం, తోమితే ధర సగానికి పడిపోతుంది. మేమే ఒకసారి ఆ తప్పు చేశాము.

ఇంకొక హెచ్చరిక. సీతారామ పట్టాభిషేకమో హనుమంతుడో ఒకవైపు, ఈస్టిండియా కంపెనీ పేరూ 1818 అనే సంవత్సరమూ మరొకవైపు ఉన్న రాగి బిళ్ళలు చాల ఇళ్ళలో పూజలో ఉన్నాయి. కుంఫిణీ అటువంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అవి తరువాత ఎవరో చేసిన బిళ్ళలు. భక్తికి అడ్డు చెప్పము, కాని వాటికి లక్షలు వస్తాయన్నా, బియ్యపు గింజలను లాగే శక్తి ఉన్నదన్నా నమ్మవద్దు. ఆ మాటలతో పొలాలు అమ్ముకున్న కుటుంబాలున్నాయి. పాత నాణేల క్రయవిక్రయాలకు తమ పేరు చెప్పి రుసుము అడిగేవారితో తమకు ఏ సంబంధమూ లేదని రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటించవలసి వచ్చింది.

మా అసలు బాధ మోసపు నాణెం గురించి కాదు, నిజమైన నాణెం గురించి. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోబద, నారన, సమగోప అనే పేర్లతోపాటు చిముక శాతవాహనుని పేరు ఉన్నట్లు పరబ్రహ్మశాస్త్రిగారు గుర్తించారు. శాతవాహనుల తొలి కాలం గురించిన చర్చ ఆ తరువాత మునుపటిలా లేదు. ఆ నాణేలకు అంత మాట చెల్లడానికి కారణం వాటి మీది పేరు మాత్రమే కాదు, దొరికిన చోటు తెలియడం. అదే నాణెం ఊరూపేరూ లేకుండా ఒక కొట్టులో అద్దం కింద ఉంటే, అరుదైన వస్తువుగా మంచి ధర పలికి ఉండేది. అంతకుమించి ఏమీ చెప్పేది కాదు. కరూరులో అమరావతి నది ఇసుకలో దొరికిన చేరరాజుల నాణేలు కూడ ఇటువంటి సాక్ష్యమే. అవి నది పేరుతో సహా లెక్కలోకి వచ్చాయి కనుకనే చరిత్రకు పనికివచ్చాయి.

ఇందుకు ఎదురుగా సముద్రపు కథ ఒకటి ఉంది. 1808 సంవత్సరం వేసిన పది, ఇరవై కాసుల నాణేలను మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకదిబ్బల మీద మునిగిపోయింది. 1980లలో గజఈతగాళ్ళు లక్షలకొద్దీ కాసులు పైకి తీశారు. మన సంతలలో అరిగిపోవలసిన కాసులు అరగకుండ లండను కొట్లలో అమ్ముడవుతున్నాయి. ఏ ఓడ, ఏ నెల, ఏ దిబ్బ అన్నీ తెలుసు. మధుర నాయకుల రాగి కాసు, తెలుగులో 'శ్రీవీర' అని ఉన్నది, తమిళనాడులో ఒక కొట్టు తట్టలో దొరుకుతుంది. అది ఏ పొలంలోనుంచి వచ్చిందో అమ్మేవాడికి తెలియదు, కొనేవాడు అడగడు. నాయకుల వెంట వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాల ఊళ్ళు ఎక్కడెక్కడ ఉండేవో వెదుకుతున్న మాకు ఆ 'ఎక్కడ' కావాలి.

ఇక్కడ లిపి విషయంలో ఒక మాట. తెలుగు, కన్నడ లిపులు ఆ కాలంలో ఇంకా దగ్గరగా ఉండేవి. కొట్టులో అంటించిన చీటీ మీద కన్నడమని ఉన్నది తెలుగు కావచ్చు, తెలుగన్నది కన్నడం కావచ్చు. మైసూరు మూడవ కృష్ణరాజ ఒడయరు కాలపు 'మయిలి కాసు' నిస్సందేహంగా కన్నడమే. రెండు లిపులూ చదవగల కోలారు, బెంగుళూరు విద్యార్థులకంటె దీనిని తేల్చగలవారు మాకు కనిపించరు.

చెన్నైలో మేము తరచు వెళ్ళే కొట్టు యజమాని ఇంట తెలుగు మాట్లాడేవారే. "దొరికిన ఊరు రాసి పెట్టండి" అని ఎన్నోసార్లు అడిగాము. ఆయన నవ్వి, "ఊరు అడిగితే ఆ మనిషి మళ్ళీ మెట్లెక్కడు సార్" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏడాది దాకా జైలు. తెలియజేస్తే, ప్రభుత్వం తీసుకోదలచినప్పుడు లోహపు ధర, దాని మీద ఐదవ వంతు కట్టి తీసుకోవచ్చు. విజయనగర వరహాకు బంగారం ధర మీద ఐదవ వంతు ఎక్కువ ఎక్కడ, కొట్టువాడు ఇచ్చేది ఎక్కడ! 1972 పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేన్ని కూడ పురావస్తువుగానే లెక్కిస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వారికి లేదు. దేశం వస్తువును కాపాడుకోవాలన్న ఉద్దేశం మంచిదే. కాని భయపడిన మనిషి మొదట దాచేది ఊరి పేరునే. వట్టం కోసమైనా శరాబు అడిగిన ప్రశ్న ఈ కొట్టులో మూగబోయింది. చట్టం ఇంకొంచెం ఉదారంగా ఉంటే ప్రభుత్వానికి బంగారమూ మిగిలేది, మనకు చరిత్రా మిగిలేదని మా అభిప్రాయం.

కిందటి ఏడు కృష్ణగిరి వైపునుంచి వచ్చే ఒక విద్యార్థిని నాయనమ్మగారి కుంకుమభరిణె తెచ్చింది. అందులో మూడు నికెలు అణాలు, మైసూరు ఇరవై కాసుల నాణెం ఒకటి, మందంగా బఠాణీగింజంత రాగిబిళ్ళ ఒకటి ఉన్నాయి. కొట్టులో అన్నింటికీ కలిపి ధర చెప్పారు. అణాల మీద తెలుగు చూపించగానే వాటిని అమ్మనని ఆ అమ్మాయి అంది. రాగిబిళ్ళను భూతద్దం కింద పెట్టాము. పైవరుస అరిగిపోయింది, కిందివరుసలో 'వీ' మాత్రం తెలుస్తున్నది. నాయనమ్మ పుట్టింటివారి బావి పూడిక తీసినప్పుడు అది దొరికిందని ఇంట్లో అనుకునేవారట. ఆ పుట్టినూరు ఏదని అడిగాము. నాయనమ్మ పోయి ఏడేళ్ళయింది, తల్లికి ఊరి పేరు తెలియదు. ధర్మపురిలో ఉన్న పెద్దమేనత్తను అడిగి చెబుతానంది.