టికెట్ బల్ల వెనక నుంచి చూసిన ఫ్రీమాంట్

ఫ్రీమాంట్ వయసు పెద్దదేం కాదు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్ళు 1956 జనవరి 23న కలిసి ఒక్క ఊరయ్యాయి. పాతకాపులు ఇప్పటికీ నైల్స్‌లో ఉంటామనో ఇర్వింగ్టన్‌లో ఉంటామనో అంటారు గానీ ఫ్రీమాంట్ అనరు. మనవాళ్ళని అడిగితే పిల్లల హైస్కూలు పేరు చెబుతారు. ఆ ముక్కతో ఇంటి ఖరీదు కూడా తెలిసిపోతుంది.

ఇక్కడి తెలుగువాళ్ళ చరిత్ర ఎవరు మొదలుపెట్టినా గుడి దగ్గరో సంఘం దగ్గరో మొదలుపెడతారు. అది సగమే అనిపిస్తుంది నాకు. గుడికి రానివాళ్ళున్నారు, సంఘంలో చేరనివాళ్ళు ఇంకా ఎక్కువ. ఇండియాకి టికెట్ కొననివాళ్ళు మాత్రం కనపడరు. ఎవరు ఏ ఏడు వచ్చారు, పెళ్ళికి ఎప్పుడు వెళ్ళారు, అమ్మానాన్నల్ని ఎప్పుడు రప్పించుకున్నారు, ఎవరు తిరుగు టికెట్ లేకుండా వెళ్ళిపోయారు, ఇవన్నీ ట్రావెల్ ఏజెంటు బల్ల మీదుగా నడిచిన సంగతులే. గ్రీన్‌కార్డు వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అలాంటి బల్ల వెనకే. కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

పరాయివాళ్ళ ప్రయాణాల మీద బతకడం ఈ నేలకి కొత్త కాదు. ఒలోనీ జనం ఉంటున్న చోట స్పెయిన్ పాదిరీలు 1797లో మిషన్ కట్టారు. 1849లో బంగారం కోసం దక్షిణపు గనుల దారి పట్టినవాళ్ళు ఆ మిషన్ దగ్గరే ఆగి సరుకులు కొనుక్కునేవాళ్ళు. హెన్రీ స్మిత్ అనే ఆయన మిషన్ తాలూకు మట్టిగోడల గదుల్లోనే కొట్టు తెరిచాడు. బంగారం దొరికినవాళ్ళ సంగతేమో గానీ, అక్కడికి వెళ్ళేవాళ్ళకి సామాను అమ్మినవాళ్ళు బాగుపడ్డారు. 1868 భూకంపంలో పాత చర్చి కూలిపోయింది. ఇవాళ మనం చుట్టాలకి చూపించేది 1985లో మళ్ళీ కట్టింది. 1869 సెప్టెంబరులో నైల్స్ లోయగుండా ఖండాంతర రైలు వచ్చింది. ఆ తర్వాత 1912 నుంచి 1916 వరకూ అదే నైల్స్‌లో ఎసెనే కంపెనీ మూకీ సినిమాలు తీసింది, 1915లో చార్లీ చాప్లిన్ కొన్నాళ్ళు ఉండి వెళ్ళాడు.

1972లో బార్ట్ రైలు ఫ్రీమాంట్ దాకా వచ్చింది. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది, 1984లో టయోటాతో కలిసి నుమ్మీగా మళ్ళీ తెరుచుకుంది, 2010లో టెస్లా చేతికి వెళ్ళింది. తెలుగువాళ్ళు గుంపులుగా దిగింది మాత్రం ఆ ఫ్యాక్టరీకి కాదు, వై2కే పనికి. హెచ్1 వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1,15,000కి, అక్కడి నుంచి 1,95,000కి పెరిగిన రోజులవి. బార్ట్ స్టేషన్ చుట్టూ ఉన్న అపార్టుమెంట్లలో ఒక్కో ఫ్లాట్లో నలుగురైదుగురు బ్రహ్మచారులు, ఒక కుక్కర్, ఒక కారు. శనివారం నాజ్ 8లో తెలుగు సినిమా పడితే ఊరంతా అక్కడే కనపడేది.

మా ఆఫీసు ఒక స్ట్రిప్ మాల్‌లో, కిరాణా దుకాణానికీ కనుబొమల పార్లర్‌కీ నడుమ. యజమాని పంజాబీ ఆయన. తెలుగులో మాట్లాడే మనిషి కావాలని నన్ను పెట్టుకున్నాడు. గుమ్మం పక్క గోడకి కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఇచ్చిన సెల్లర్ ఆఫ్ ట్రావెల్ రిజిస్ట్రేషన్ కాగితం ఉండేది. ఈ రాష్ట్రంలో టికెట్లు అమ్మే ఏజెన్సీలకి ఆ నంబరు ఉండాలి, ప్రకటనలో అచ్చు వేయాలి. పేపర్లో చవక టికెట్ల ప్రకటన చూడగానే మా ఓనరు ముందు ఆ నంబరు వెతికేవాడు, తర్వాతే ధర చూసేవాడు.

పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే మొదటి పని క్యూ. రాత్రికి రాత్రి టైములు మారిన విమానాలు, గడువు ముంచుకొచ్చిన బుకింగులు, వెయిట్‌లిస్టులో ఖాయమైన సీట్లు వరసగా నిలబడి ఉంటాయి. నల్లని తెర మీద తేదీ, ఎస్ఎఫ్ఓ, హెచ్‌వైడీ కొడితే అక్షరాల బారు వస్తుంది. ఒక్కో అక్షరం ఒక్కో ధర తరగతి, పక్కనున్న అంకె ఆ ధరకి మిగిలిన సీట్లు. డిసెంబరు రెండో వారం దాటిందంటే చవక అక్షరాల పక్కన అన్నీ సున్నాలే. స్కూళ్ళ సెలవులు అప్పుడే, సంక్రాంతి వెనకే. "వచ్చే వారం తగ్గుతుందేమో చూడండి" అని అడగని తెలుగువాడు నాకు తగల్లేదు. తగ్గేది కాదు.

పేర్ల దగ్గర మా తెలుగువాళ్ళతో పడే పాట్లు మా ఓనరుకి అర్థమయ్యేవి కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి, మొత్తం పేరంతా రెండో గడిలో రాయించుకున్న పెద్దవాళ్ళు చాలామంది. అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అంటే పేరు తెలియదని. వెంకట సత్యనారాయణ గారు ఫ్నూ గారై దిగేవారు. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయాలా, వీసాలో ఉన్నట్టు రాయాలా అని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, జవాబిచ్చిన మనిషి పేరు కూడా బుకింగ్‌లో రాసిపెట్టుకునేదాన్ని.

భోజనం ఇంకో తిప్పలు. శాకాహారులు కదా అని హిందూ మీల్ పెట్టమనేవాళ్ళు. ఎయిర్‌లైన్ల లెక్కలో హిందూ మీల్ అంటే గొడ్డుమాంసం లేని భోజనం. అందులో కోడి ఉండొచ్చు, పొట్టేలూ ఉండొచ్చు. మడి కట్టుకునే అత్తగారి కోసం పెట్టాల్సింది ఏషియన్ వెజిటేరియన్. ఇక వీల్‌చైర్. కాళ్ళు బాగానే ఉన్నా పెట్టించమనేవాళ్ళు, ఇంగ్లీషు రాదు కాబట్టి ఎవరో ఒకరు గేటు దాకా తోసుకెళ్తారని. అది తప్పని నేననుకోను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గేటు మారితే దారి చూపించే నాథుడు ఎవడు?

దారులు మారిన తీరులోనే మనవాళ్ళ కథ సగం ఉంది. మొదట్లో వెళ్ళినవాళ్ళు సింగపూర్ మీదుగా చెన్నైలో దిగి, సెంట్రల్‌లో రాత్రి రైలెక్కి నెల్లూరో విజయవాడో చేరేవాళ్ళు. లేదా ఐరోపా మీదుగా ముంబైలో అర్ధరాత్రి సహార్‌లో దిగి, సామానుతో సహా బస్సెక్కి శాంతాక్రజ్ టెర్మినల్‌కి పోయి, పొద్దుటి విమానంలో బేగంపేట. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో ఎమిరేట్స్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్‌కి మొదలుపెట్టింది. ఒక్క మజిలీతో హైదరాబాదు! ఆ రెండింటి నడుమ జెట్ ఎయిర్‌వేస్ షాంఘై మీదుగా ముంబైకి మొదలుపెట్టిన సర్వీసు ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీకి తిన్నగా వేసింది. అయినా ఢిల్లీలో ఇమిగ్రేషన్, మళ్ళీ సామాను చెకింగ్ కన్నా దుబాయే నయమనే గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది ఉండేవారు. సామాను లెక్కా మారింది. 70 పౌన్ల పెట్టెలు రెండు తీసుకెళ్ళే రోజులు పోయి 50 పౌన్లకి దిగాక, వచ్చేటప్పటి ఆవకాయ సీసాల సంఖ్య మీద ఇళ్ళలో చర్చలు నడిచాయి.

చవక ఒక్కటే చూస్తే బోల్తా పడే దారులూ ఉండేవి. హెచ్1 పొడిగింపు కాగితం చేతిలో ఉండి, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటినవాళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారాలంటే జర్మనీ ట్రాన్సిట్ వీసా కావాల్సి వచ్చేది. విమానాశ్రయం గడప దాటకపోయినా సరే. ఇంట్లో కూర్చుని సొంతంగా కొనుక్కున్నవాళ్ళకి ఆ సంగతి ఎస్ఎఫ్ఓ చెకిన్ కౌంటర్ దగ్గర తెలిసేది. అక్కడి నుంచి మాకు ఫోన్. ఏడుపు గొంతుతో ఫోన్.

అసలైన పని రాత్రుళ్ళు వచ్చేది. ఎండాకాలం పన్నెండున్నర గంటలు, చలికాలం పదమూడున్నర గంటలు మనకీ ఇంటికీ తేడా. అక్కడ తెల్లవారుతూ ప్రాణం పోతే ఇక్కడ సాయంత్రం కబురు తెలుస్తుంది. "అక్కా, నాన్నగారు పోయారు" అన్నాక అవతల మాట రాదు. ఓదార్చడానికి టైముండదు. మొదటి ప్రశ్న, పాస్‌పోర్టు ఏ దేశానిది అని. రంగు అడిగి లాభం లేదు, రెండూ నీలమే. ఇండియాదైతే ఆ రాత్రే విమానం. అమెరికాదై, ఓసీఐ కార్డు లేకపోతే శాన్‌ఫ్రాన్సిస్కోలో అర్గెల్లో వీధిలో ఉన్న మన కాన్సులేట్‌లో అత్యవసర వీసా, అందులోనూ శుక్రవారం సాయంత్రమైతే ఎవరి ఫోన్ ఎవరు ఎత్తుతారో అని వెతుకులాట. 2014 నవంబరులో ఈ-వీసా మొదలైనప్పుడు హైదరాబాదు మొదటి విడతలోనే ఉంది. అయినా దానికీ కొన్ని రోజులు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, చావు ముందు చెప్పి రాదు. తలకొరివికి అందకపోయినా కనీసం పదో రోజుకైనా కొడుకు చేరాలి. ఆ లెక్క కట్టి ఏ ఊళ్ళో ఎన్ని గంటలు ఆగొచ్చో చూసి దారి వేయడం ఏ వెబ్‌సైటుకీ రాదు. ఆ టికెట్లకి మా ఓనరు సర్వీసు చార్జీ పుచ్చుకునేవాడు కాదు. ఇంకెన్నో విషయాల్లో పిసినారి, ఈ ఒక్క దాంట్లో కాదు.

చార్జీ అంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు ఏజెంటుకి టికెట్ ధరలో 10 శాతం ఎయిర్‌లైనే ఇచ్చేది. 1995 ఫిబ్రవరిలో డెల్టా దేశీయ రానుపోను టికెట్‌కి 50 డాలర్లకి మించి ఇవ్వనంది, మిగతావాళ్ళు అదే బాట పట్టారు. 1997లో 8 శాతం, 1999లో 5 శాతం, 2002 మార్చి నుంచి అసలు లేదు. అమెరికా వీధుల్లో ఏజెన్సీలు వరసగా మూతపడ్డాయి. మన దుకాణాలు నిలబడింది కన్సాలిడేటర్ల వల్ల. వాళ్ళు టోకున తెచ్చిన ధరకి ఇరవయ్యో ముప్పయ్యో డాలర్లు వేసుకుని అమ్మడమే. ఆ మిగిలిన ముప్పయ్యీ ఒక్కోసారి డెబిట్ మెమోకి పోయేది. ధర నిబంధన ఎక్కడో తప్పిందని నెలల తర్వాత ఎయిర్‌లైన్ పంపే బిల్లు అది. ప్రయాణికుడు ఊరెళ్ళి తిరిగొచ్చి ఫొటోలు పంచేసి ఉంటాడు.

ఆ రోజుల్లోనే డాట్‌కామ్ బుడగ పగిలింది. అప్పటి రసీదులు తిరగేసి చూశాను, వన్‌వే టికెట్ల కట్ట లావుగా ఉంది. ఉద్యోగాలు పోయి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఫర్నిచర్ అమ్మకం కాగితాలు మా అద్దం మీదే అంటించి వెళ్ళేవాళ్ళట. ఏ సంఘం సావనీర్‌లోనూ వాళ్ళ ఫొటోలు లేవు.

ఏజెంట్లు కూడా తిరుగుతారు. ఎయిర్‌లైన్లు గానీ టూరిజం బోర్డులు గానీ తీసుకెళ్ళే ఫ్యామ్ ట్రిప్పులుంటాయి. పేరుకి విహారం. పొద్దున్నుంచి రాత్రి దాకా హోటల్ గదులు చూసి, మంచాలు లెక్కపెట్టి, వంటవాడితో పప్పూ పెరుగూ దొరుకుతాయా అని బేరాలాడటం. దుబాయ్‌లో నాకు బుర్జ్ ఖలీఫా కంటే బాగా గుర్తున్నది టెర్మినల్లో గేట్ల మధ్య నడక. వీల్‌చైర్ అడగని తల్లిదండ్రులకి ఎంత దూరమో చెప్పాలి కదా అని నడిచి చూశాను. ఊళ్ళోకొస్తే, వేసవిలో వచ్చిన అమ్మానాన్నల్ని చైనావాళ్ళు నడిపే టూరు బస్సు ఎక్కించి గ్రాండ్ కాన్యన్, లాస్ వేగాస్ పంపడం. పులిహోర పొట్లాలతో వెళ్ళి, చైనీస్ గైడు మాటలు ఒక్కటీ అర్థం కాక, అయినా బస్సులో అందరితో స్నేహాలు చేసుకుని వచ్చేవాళ్ళు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇండియా ఆకాశం మూసేశాక మేం అమ్మిందేమీ లేదు, డబ్బులు వెనక్కి ఇప్పించడమే పని. మే నెలలో, చిక్కుకుపోయినవాళ్ళని ఇండియాకి చేర్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. వాటిలో చోటు ఏజెంట్ల చేతిలో లేదు, కాన్సులేట్ జాబితాలో ఉంది. అయినా జనం మాకే ఫోన్ చేశారు. ఇక్కడే చిక్కుకుపోయిన పెద్దవాళ్ళ బీపీ మాత్రలు అయిపోయాయని, వీసా గడువు పొడిగింపు ఎలా పెట్టాలని. టికెట్‌కి సంబంధం లేని ప్రశ్నలే అన్నీ.

2020 జనాభా లెక్కల్లో ఫ్రీమాంట్ జనం 2,30,504. మా ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు బోబా టీ కొట్టు. కొందరు ఏజెంట్లు ఇంటి నుంచే చార్‌ధామ్, కైలాస యాత్రల గుంపులు కడుతున్నారు, కొందరు ఇన్సూరెన్సులోకి మారారు. మిషన్ శాన్ హోసేలో ఆన్జా వీధిలో స్థానిక చరిత్ర మ్యూజియం ఉంది. వాళ్ళకి ఇవ్వడానికి నేను కొన్ని పోగుచేస్తున్నాను: ఎర్ర కార్బన్ కాగితంతో ఉండే పాత టికెట్ పుస్తకాలు, ఏజెన్సీ పేరున్న టికెట్ కవర్లు, పసిఫిక్ టైముకి తిథులు వేసి కిరాణా కొట్లూ ట్రావెల్ వాళ్ళూ ఉచితంగా పంచిన దేవుడి క్యాలెండర్లు. 2000కి ముందువి చాలా తక్కువ దొరికాయి. మీ గరాజ్‌లో పెట్టెలు సర్దేటప్పుడు అలాంటివి కనపడితే పారేయకండి, నాకు కబురు చేయండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.