పక్కటెముకల సందులోంచి

2021 మే. లాక్‌డౌన్ సడలింపు పొద్దున పదింటికే అయిపోయింది. ఉప్పల్ రింగ్ రోడ్డులో బారికేడ్లు దాటి, హబ్సిగూడ మీదుగా నాచారం చేరారు మీరు. చిన్న ఆసుపత్రి, రెండో అంతస్తు. పీపీఈ కిట్‌లో చెమట వీపు మీద ధారగా కారుతోంది.

మంచం మీద ఫ్యాక్టరీ కార్మికుడు. ఆక్సిజన్ పెట్టినా వేలి క్లిప్పు 88 దాటడం లేదు. సీటీ కోసం కిందికి దింపితే ఆ అంకె ఎక్కడికి పడుతుందో! అందుకే అల్ట్రాసౌండ్ యంత్రమే మంచం దగ్గరికొచ్చింది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదైన యంత్రమిది. ఇష్టమొచ్చిన చోటికి మోసుకెళ్లడానికి వీల్లేదు. ఆ కార్మికుడికీ దాని మీద అనుమానమే.

"కడుపుతో ఉన్నోళ్లకు తీస్తరు గదా సార్ ఇది?"

"దమ్ము ఎందుకొస్తుందో చూస్తమన్నా. జర పక్కకు ఒరుగు."

ప్లాస్టిక్ తొడుగేసిన ప్రోబ్, చల్లటి జెల్. అతను ఉలిక్కిపడ్డాడు.

తెర చూడండి. రెండు ఎముకల నీడల మధ్య తెల్లటి గీత, శ్వాసకు తగ్గట్టు చీమలబారులా కదులుతోంది. కింద సమాన దూరంలో అడ్డగీతలు. అక్కడ గాలి బాగానే ఆడుతోంది. గాలిని దాటి ధ్వని పోదు కాబట్టి ఊపిరితిత్తులకు ఈ పరీక్ష దండగని చాలాకాలం అనుకున్నారు. ఫ్రాన్స్ ఐసీయూ వైద్యుడు డేనియల్ లిక్టెన్‌స్టైన్ ఒప్పుకోలేదు. ఈ పరీక్షతో ఆయాసానికి కారణం వెతికే ఆయన పద్ధతి 'బ్లూ ప్రోటోకాల్' 2008లో అచ్చయింది.

ప్రోబ్ వీపు కిందికి జారింది. గీత గరుకై, అక్కడక్కడా తెగింది. అందులోంచి టార్చి వేసినట్టు నిలువు చారలు, తెర అడుగుదాకా. ఒకటి, రెండు... నాలుగు. ఒకే సందులో మూడున్నా తేడా ఉన్నట్టే.

పన్నెండు చోట్లు చూసేశారు. ఏ క్రిమి అన్నది ఈ చారలు చెప్పవు. గుండె నీరసించినా ఇలాగే వస్తాయి. పైపొరను తాకని లోతు మచ్చ అసలే దొరకదు. ఇది సీటీకి బదులని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ మనిషిని కదపకుండా, రేడియేషన్ లేకుండా, సాయంత్రం మళ్లీ చూసుకోవచ్చు.

"బోర్లా పండుకో అన్నా."

కాసేపటికి క్లిప్పు 91 చూపింది. తొడుగు వ్యర్థాల సంచిలో పడింది. నర్సు ప్రోబ్‌తో పాటు వైరునూ మొదలంటా తుడిచింది. ఆ తడి ఆరేదాకా యంత్రం పక్క మంచానికి కదలకూడదు.