గుప్తనిధుల అన్వేషణ: జహీరాబాద్, బీదర్ పరిసరాలు

యజమాని భూమిలోనో గోడలోనో దాచి, తిరిగి తీసుకునేలోపే కాలం చేయడం వల్లనో ఊరు విడిచిపోవడం వల్లనో వారసులకు ఆచూకీ తెలియకుండా పోయిన సొత్తును గుప్తనిధి అంటారు. నిధి, నిక్షేపం, లంకెబిందెలు అనే మాటలు కూడా ఈ అర్థంలోనే వాడుకలో ఉన్నాయి. ఒకదానికొకటి లంకె వేసి పాతిపెట్టిన జంట బిందెలే లంకెబిందెలు; కథల్లో వీటి నిండా ఎప్పుడూ బంగారమే ఉంటుంది. తెలంగాణలో ఇటువంటి కథలు దట్టంగా వినిపించే ప్రాంతాల్లో సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న జహీరాబాద్ పరిసరాలు ఒకటి. గోల్కొండకూ బీదరుకూ నడుమ ఉన్న ఈ నేల మీదుగా శతాబ్దాల పాటు సైన్యాలు, బిడారులు, పన్నుల సొమ్ము మోసుకుపోయే బండ్లు నడిచాయి కనుక ఈ కథలకు కొంత చారిత్రక ఆధారం లేకపోలేదు.

బహమనీ సుల్తానులు 15వ శతాబ్దం తొలి భాగంలో రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చారు. వారి తరువాత బరీద్ షాహీలు ఏలిన బీదర్ 1619లో బీజాపూర్ వశమైంది, 1657లో ఔరంగజేబు చేతికి చిక్కింది. మరో ముప్పై ఏళ్లకు, 1687లో, గోల్కొండ కూడా మొగలుల పరమైంది. ఇలా ఏలికలు మారిన ప్రతిసారీ కొల్లగొట్టే దండు ఊరి పొలిమేర చేరకముందే ఉన్నవారు తమ నగా నట్రా కుండలో పెట్టి పూడ్చడం సహజంగా జరిగేది, ఎందుకంటే ఆ కాలపు సామాన్య గృహస్థుకు భూమిని మించిన భోషాణం లేదు. జొన్న పండే ఈ ప్రాంతంలో ధాన్యాన్ని సైతం పాతర వేసేవారు, అంటే లోతుగా గొయ్యి తవ్వి, గింజలు నింపి, పైన మట్టి కప్పేవారు. బోలుగా మోగే నేల కనబడగానే నిధి అనుకొని గడ్డపార పట్టేవారు ఈ పాతరల సంగతి మరచిపోతుంటారు.

దొరికిన నిధి ఎవరిదన్న ప్రశ్న చాలా పాతది. లక్ష పణాలకు మించిన నిధి రాజుదేనని, అంతకు తక్కువైతే కనుగొన్నవాడు ఆరో వంతు రాజుకు కట్టాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నిర్ణయించగా, దొరికిన దానిలో సగం బ్రాహ్మణులకిచ్చి సగం బొక్కసంలో వేసుకొమ్మని మనుస్మృతి రాజుకు చెప్పింది. తెలుగు, కన్నడ దానశాసనాల్లో భూమితో పాటు సంక్రమించే ఎనిమిది హక్కులను అష్టభోగాలు అంటారు: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. పొలంలోని నీటికీ రాతికీ ముందు, కంటికి కనబడని నిధిని పేర్కొనడం గమనించదగినది. నిన్నమొన్నటి దాకా ఇంటి స్థలాల క్రయదస్తావేజుల్లో సైతం దస్తావేజు లేఖరులు ఈ వరుసను అర్థం పట్టించుకోకుండానే రాసిపెట్టేవారు.

బ్రిటిష్ ఇండియాలో 1878లో వచ్చిన ట్రెజర్ ట్రోవ్ చట్టం ఈ వ్యవహారాన్ని జిల్లా కలెక్టరుకు అప్పగించింది. నేలలో గాని, నేలకు అతుక్కొని ఉన్న కట్టడంలో గాని దాగి, ఎంతో కొంత విలువ చేసే దేనినైనా అది నిధిగానే పరిగణిస్తుంది. దాని విలువ పది రూపాయలకు మించితే కనుగొన్నవారు రాతపూర్వకంగా కలెక్టరుకు తెలియజేయాలి. ఆయన బహిరంగ ప్రకటన ఇచ్చి, హక్కుదారులను పిలిచి విచారిస్తారు. నూరేళ్ల లోపల తామో తమ పూర్వులో దాచిన సొత్తని ఎవరైనా ముందుకు వస్తే సంగతి సివిల్ కోర్టుకు వెళ్తుంది. అలాంటివారెవరూ లేనప్పుడు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు దక్కుతాయి. ప్రభుత్వం ఆ వస్తువులను తానే తీసుకోదలచుకుంటే లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. సమాచారం దాచినవారికి వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. జహీరాబాద్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండడం వల్ల ఇక్కడ వర్తించినది 1322 ఫసలీ (క్రీ.శ. 1912–13) నాటి హైదరాబాద్ చట్టం. నిజానికి చట్టం నిధి వేటగాడు అనుకునేంత కఠినమైనది కాదు. చెప్పినవాడికి వాటా ఉందన్న సంగతి ఊళ్లలో తెలియకపోవడమే అసలు చిక్కు.

అన్వేషణ మాత్రం చాలావరకు చట్టం కన్నుగప్పి, రాత్రిపూట సాగుతూ వచ్చింది. నిధి ఉన్న చోటును కనిపెట్టడానికి అంజనం వేయించడం అన్నిటికన్నా ప్రసిద్ధమైన పద్ధతి: తమలపాకు మీదనో అరచేతిలోనో నల్లని కాటుక పూసి, దానిలోకి తదేకంగా చూసేవారికి భూమి లోపలి దృశ్యం కనబడుతుందని నమ్ముతారు. ఎదురుకాళ్లతో పుట్టినవారికి ఈ చూపు బాగా అబ్బుతుందని, నిధికి నాగబంధం, అంటే పాము కాపలా, ఉంటుందని, బలి ఇవ్వనిదే అది వీడదని చెప్పే మాటలు ఈ నమ్మకానికి తోకలు. కోడితో ఆగని బలులు కూడా ఉండడం వల్ల ఈ వేటను వట్టి వెర్రిగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఈ తవ్వకాలకు ఎక్కువగా బలైనవి పాడుబడిన గుడులు. ప్రతిష్ఠ సమయంలో విగ్రహపీఠం కింద యంత్రం చెక్కిన రాగిరేకును, నవరత్నాలను, పిసరంత బంగారాన్ని ఉంచే ఆచారం ఉంది. ఆ పిసరే జనం నోళ్లలో బిందెడైంది. అటువంటి గుడిలో తెల్లవారి కనబడే దృశ్యం దాదాపు ఒకేలా ఉంటుంది: పానవట్టం పక్కకు ఒరిగి, కింద నడుము లోతు గొయ్యి, గట్టున పసుపు కుంకుమలు, కోసిన నిమ్మకాయలు, పగిలిన కొబ్బరిచిప్పలు, పొట్ట దగ్గర ఉలిదెబ్బలతో చీలిన నంది. కాకతీయుల కాలపు శిల్పి నునుపుదేల్చిన రాయి ఒక్క రాత్రిలో కంకర కావడం పోయిన బంగారం కన్నా పెద్ద నష్టం.

సొరంగాల కథలు ఈ ప్రాంతానికి మరీ ప్రత్యేకం. బీదర్ పీఠభూమి నుంచి జహీరాబాద్ వరకు పరచుకున్న నేల జేగురు రంగు లాటరైట్, అంటే తవ్వేటప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే, బొరియలు బొరియలుగా ఉండే ఎర్ర రాయి. తొలవడానికి అనువైన ఈ రాతిలో నిజంగానే సొరంగాలున్నాయి. బీదర్ శివారులోని నౌబాద్ వద్ద ఉన్నది కరేజ్, అంటే భూగర్భజలాన్ని వాలు మీద పారించి ఊరికి చేర్చే ఇరానీ పద్ధతి కాలువ. గాలీ వెలుతురూ లోపలికి వెళ్లడానికీ పూడిక తీయడానికీ పైనుంచి బావుల వంటి రంధ్రాలు వరుసగా తవ్వి ఉంటాయి. బహమనీల కాలానిదిగా భావించే ఈ నిర్మాణం చాలాకాలం మట్టిలో పూడిపోయి, ఇటీవలి దశాబ్దాలలోనే భూగోళ శాస్త్రజ్ఞుల పరిశీలనతో మళ్లీ గుర్తింపు పొందింది. కోట నుంచి కోటకు బంగారం మోసిన రహస్యమార్గాలని జనం చెప్పుకునేవాటిలో కొన్నింటి అసలు పని నీళ్లు మోయడమే అయి ఉండవచ్చు; ఈ మెట్టనేలలో ఆ పని విలువ బంగారానికి తీసిపోదు.

ప్రభుత్వాలు కూడా ఈ ఆకర్షణకు అతీతం కాలేదు. 2011 చివర్లో హైదరాబాద్ నౌబత్ పహాడ్ వద్ద పురావస్తు శాఖ తవ్వించింది. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం ఉన్నట్టు కల వచ్చిందన్న ప్రచారం మధ్య కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థే రంగంలోకి దిగింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితో యంత్రాలు దిగాయి. బయటపడినవి ఎముకలు, పాత ఇటుకలు. మూడు చోట్లా బంగారం జాడ లేదు.

సముద్రగర్భపు నిధుల వేటతో పోల్చితే ఈ వైఫల్యానికి కారణం కొంత స్పష్టమవుతుంది. 1708 జూన్‌లో కొలంబియా తీరాన కార్తహేనా సమీపంలో ఆంగ్లేయులతో పోరులో మునిగిన స్పానిష్ ఓడ సాన్ హోసే 2015లో దొరికిందంటే, అది బయలుదేరిన రేవు, మునిగిన రోజు, మోసిన సరకు కాగితాల మీద ఉండడమే అందుకు ముఖ్య ఆధారం. ఓడదొంగల సొమ్ము ఉందన్న నమ్మకంతో చిలీకి చెందిన రాబిన్‌సన్ క్రూసో దీవిలో 1990ల నుంచి సాగిన తవ్వకాలకు అటువంటి పత్రాల బలం చాలక ఫలితం రాలేదు. పాతిపెట్టిన కుండకు సరకు జాబితా ఉండదు. ఉంటే అది గుప్తనిధి కాదు.

అందువల్లనే తెలంగాణలో నిధులు తరచుగా వెతకనివారికి దొరికాయి. నల్లగొండ ప్రాంతపు అక్కన్‌పల్లెలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర వెంచరు కోసం నేల చదును చేస్తుండగా రాగి బిందెలో దాదాపు 190 గ్రాముల బంగారు నగలు, 1.7 కిలోల వెండి కనబడ్డాయి. కథల్లోని లంకెబిందెల పక్కన పెడితే ఇది ఒక మోతుబరి ఇంటి పెళ్లినగల పాటి సొత్తు.

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారికి చేరువలోని కొండాపూర్‌లో మాత్రం వెతికినవారికే దొరికింది. 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ 1940 దశకం ఆరంభంలో అక్కడి పాటిగడ్డను (పాతకాలపు జనావాసం శిథిలమై ఏర్పడిన దిబ్బను పాటిగడ్డ అంటారు) పొరలు పొరలుగా తవ్వి, శాతవాహనుల నాణేలను పెద్ద సంఖ్యలో వెలికితీసింది. అవి చాలావరకు సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమలోహంతో చేసినవి. తూకానికి అమ్మితే కూలి డబ్బులు కూడా రావు కనుక రాత్రిపూట తవ్వేవాడు వాటిని గట్టున పారేసి పోయేవాడే; వాటి మీద బ్రాహ్మీ అక్షరాల్లో ఉన్న రాజుల పేర్లను కూడబలుక్కొని చదివిన చరిత్రకారులు శాతవాహనుల వరుసలో కొన్ని ఖాళీలు పూరించుకున్నారు.