కొనువారి మాట, కొనువారి గుట్టు

అంగడిలో కొన్న వస్తువు చెడ్డదని తేలినచో మన పెద్దలు చేయగలిగిన పనులు రెండే: ఆ అంగడికి మరల పోకుండుట, ఇరుగుపొరుగువారితో చెప్పుట. కొనువాడే చూచుకొని కొనవలెనను నియమము ఆంగ్లేయ న్యాయమునుండి మనకు వచ్చినది. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము దానికి కొన్ని మినహాయింపుల నొసగిన మాట నిజమే. కాని ఓటి గిన్నె కొరకు సివిలు కోర్టు కెక్కు గృహస్థుడెవ్వడు? వర్తకుడు మంచివాడైనచో మన మొర వినెడివాడు. వినుట యాతని దయ.

ఆ దయను విధిగా మార్చినది 1986 డిసెంబరు 24వ తేదీన రాష్ట్రపతి యామోదము పొందిన వినియోగదారుల రక్షణ చట్టము. జిల్లాలలో ప్రత్యేక న్యాయవేదికలను కల్పించి, ప్లీడరు లేకయే యెవరి గోడు వారు చెప్పుకొనవచ్చునని యది శాసించినది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ తమ శాసనసభకు పంపిన సందేశమున వినియోగదారుల హక్కులు నాలుగింటిని పేర్కొనుచు మొర వినబడు హక్కును కూడ చేర్చెను. అది మన గడపకు వచ్చుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది! 1995లో సుప్రీముకోర్టు, రుసుము పుచ్చుకొని చేయు వైద్యమును సైతము ఈ చట్టమునకు లోబడిన సేవగా నిర్ణయించినది.

దాని స్థానమున 2019లో చేయబడిన క్రొత్త చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. ఆన్‌లైను వర్తకులు ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెననియు, నెలలోపల పరిష్కరింపవలెననియు నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఫోనులో మనతో మర్యాదగా మాటలాడు కంఠము వెనుక సౌజన్యమే గాక ఈ గడియారము కూడ నున్నది.

అదే చట్టమున నొక చిన్న వాక్యమున్నది. కొనువారు నమ్మి చెప్పిన సొంత వివరములను, ఏ చట్టమును అనుమతింపనిదే, పరులకు వెల్లడించుట అక్రమ వర్తకమట. దీనిని మేమును చాలకాలము గమనింపలేదు.

ఇటీవల నొక బట్టల దుకాణములో మా ముందు నిలిచిన యువతిని గుమాస్తా ఫోను నంబరడిగెను. ఆమె తగ్గు గొంతుతో చెప్పినది. అతడు సరిచూచుకొనుటకై ఆ పది అంకెలను బిగ్గరగా చదివెను. వెనుక నున్న పదిమందియు వినిరి. ఆమె తల వంచుకొని సంచి తీసికొని పోయినది. గుమాస్తాను నిందించి ఫలమేమి? నంబరు పడనిదే అతని యెదుటి యంత్రము ముందునకు కదలదు. దాని నట్లమర్చినవారు వేరొకరు. నంబరు కొరకు కొనువారిని నిర్బంధించుట అక్రమమని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ దుకాణదారుల సంఘములకు తెలిపియున్నది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలంచెలుగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. మన వివరము లెందుకడుగుచున్నారో తెలుపు ప్రకటనను కోరినచో తెలుగులో చదువుకొను వీలు గూడ నందు కలదు. మా దృష్టిలో ఇది చిన్న సంగతి కాదు. అర్థము కాని కాగితముపై చేసిన సంతకము సమ్మతి యెట్లగును?

తల్లి ఖాతా సంగతి కొడుకునకు ఫోనులో చెప్పుటకు బ్యాంకువారు నిరాకరించినప్పుడు మనము విసుగుకొందుము. ఆ నిరాకరణమే ఆ తల్లి సొమ్మునకు కావలి.

దుకాణములో పిమ్మట మా వంతు వచ్చినది. నంబరు నీయబోమని చెప్పితిమి. గుమాస్తా క్షణకాలము తబ్బిబ్బై, పది సున్నలు నొక్కెను. బిల్లు వచ్చినది.