రాష్ట్రాల మధ్య ప్రభుత్వ విద్య నాణ్యత: అంకెలను చదవవలసిన తీరు

హైదరాబాద్: చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టుపక్కల అశోక్‌నగర్ వీధులలో నెలకొన్న శిక్షణ కేంద్రాలు, కొద్ది దూరంలోని నారాయణగూడ విద్యాసంస్థలు రాజధాని నగరంలో ఒక విద్యామండలంగా రూపొందాయి. గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు సిద్ధమయ్యే వేలాది మంది అభ్యర్థులు ఇక్కడ చదువుకుంటున్నారు. వారు తరచుగా అధ్యయనం చేసే అంశాలలో రాష్ట్రాల వారీగా విద్యా ప్రమాణాల పోలిక ఒకటి. 11,062 ఉపాధ్యాయ పోస్టుల భర్తీకి 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో డీఎస్సీ ప్రకటన వెలువడినపుడు ఈ ప్రాంతంలో కనిపించిన సందడి తెలిసినదే. ఈ పోలికను నేడు పరీక్ష కోసం చదివేవారిలో కొందరు రేపు అదే పాఠశాలలలో బోధించవలసి ఉన్నందున, ఏ సూచిక దేనిని కొలుస్తున్నదో స్పష్టంగా తెలుసుకోవడం అవసరం.

నారాయణగూడ నిదర్శనం

రాష్ట్రాల మధ్య విద్యా విధానాల వ్యత్యాసం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాలకు 1928లో పునాది పడింది. హైదరాబాద్ సంస్థానంలో ఉర్దూ మాధ్యమం రాజ్యమేలుతున్న రోజులలో తెలుగులో బోధించే బాలికల పాఠశాలకు స్థానికంగా గుర్తింపు లభించడం దుర్లభమైంది. ఫలితంగా, పూనాలో మహర్షి కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పొందవలసి వచ్చింది. పాఠశాల, ఉపాధ్యాయులు, బాలికలు అందరూ ఇక్కడివారే. అయినా వారి చదువుకు విలువ కట్టినది పొరుగు ప్రాంతపు సంస్థ. కొలిచే ప్రమాణం మారితే అదే చదువు విలువ మారిపోతుందనడానికి ఈ ఉదంతం చక్కని నిదర్శనం.

అక్షరాస్యత: సగటు దాచే సత్యం

2011 జనాభా లెక్కల ప్రకారం కేరళలో అక్షరాస్యత 94.00 శాతం కాగా, దేశ సగటు 72.99 శాతం. నేటి తెలంగాణ పరిధిలో అది 66.54 శాతం మాత్రమే. అయితే హైదరాబాద్ జిల్లాను విడిగా తీసుకుంటే 83.25 శాతంగా ఉండి, 82.34 శాతం నమోదైన మహారాష్ట్ర సగటును మించింది. అదే సమయంలో నాటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. అనగా రెండు జిల్లాల మధ్య అంతరం, తెలంగాణకు కేరళకు మధ్య గల అంతరంతో దాదాపు సమానం. రాష్ట్ర సగటు ఒక్కటే చూసేవారికి ఈ సంగతి బోధపడదు.

కేరళ ఆధిక్యానికి దీర్ఘ చరిత్ర కలదు. విద్యావ్యయాన్ని రాజ్యమే భరించాలని తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి 1817లోనే ఆజ్ఞాపత్రం జారీ చేశారు. రెండు శతాబ్దాల కృషి ఫలితాన్ని రెండు మూడేళ్ల పథకాల ఫలితంతో పోల్చడం సమంజసం కాదు.

సూచికలు, వాటి తూకం

నీతి ఆయోగ్ 2019 సెప్టెంబరులో విడుదల చేసిన పాఠశాల విద్యా నాణ్యత సూచికలో 20 పెద్ద రాష్ట్రాలలో 76.6 శాతంతో కేరళ అగ్రస్థానంలోను, 36.4 శాతంతో ఉత్తరప్రదేశ్ చివరి స్థానంలోను నిలిచాయి. ఇవి 2016-17 విద్యా సంవత్సరానికి సంబంధించిన అంకెలు. ఈ సూచికలో మొత్తం 965 పాయింట్లకు గాను అభ్యసన ఫలితాలకు 360, మౌలిక వసతులకు 25 పాయింట్లు కేటాయించారు.

కేంద్ర విద్యాశాఖ 2017-18 నుంచి ప్రకటిస్తున్న పనితీరు గ్రేడింగ్ సూచిక తూకం వేరు. ప్రారంభంలో 1,000 పాయింట్లలో పాలనా ప్రక్రియలకు 360, అభ్యసన ఫలితాలకు 180 మాత్రమే ఉండేవి. 2021-22 నుంచి సవరించిన విధానంలో అభ్యసన ఫలితాలకు 240, సమానత్వానికి 260, మౌలిక వసతులకు 190, పాలనకు 130, ఉపాధ్యాయ శిక్షణకు 100, అందుబాటుకు 80 పాయింట్లు ఉన్నాయి. గదులు, ప్రహరీలు నిర్మించిన రాష్ట్రం ఒక సూచికలో పైకి రాగా, పిల్లలు బాగా చదవగలిగిన రాష్ట్రం మరొక సూచికలో ముందుండవచ్చు. రెండింటిలో ఏదీ అసత్యం కాదు. ర్యాంకును ఉటంకించేవారు దాని తూకాన్ని కూడా పేర్కొనవలసి ఉంటుంది.

సర్వేల పరిధి

జాతీయ సాధన సర్వేను 2017లో 3, 5, 8 తరగతులకు, 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు పాఠశాలలలోనే నిర్వహించారు. 2024 డిసెంబరు 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరిట 3, 6, 9 తరగతుల విద్యార్థులు దాదాపు 21 లక్షల మందిని పరీక్షించారు. తరగతులు మారినందున, మూడవ తరగతి మినహా పాత ఫలితాలతో నేరుగా పోల్చడానికి వీలు లేదు.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదిక పిల్లలను ఇళ్ల వద్దనే పరీక్షిస్తుంది. దాని ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి చదువుతూ, రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన వారు దేశవ్యాప్తంగా 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. అంటే పురోగతి కనిపించిన ఏడాదిలో సైతం ప్రతి నలుగురిలో ముగ్గురు ఆ పాఠం చదవలేకపోయారు. అయితే ఇది గ్రామీణ సర్వే. చిక్కడపల్లి, నారాయణగూడ ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలు ఈ లెక్కలో లేరన్నది గమనార్హం.

పదవ తరగతి ఫలితాలు

2025 పదవ తరగతి పరీక్షలలో కేరళ 99.5 శాతం, తమిళనాడు 93.80 శాతం, తెలంగాణ 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్ 81.14 శాతం ఉత్తీర్ణత సాధించాయి. ప్రశ్నపత్రం, అంతర్గత మార్కులు, మూల్యాంకనం ఏ బోర్డుకు ఆ బోర్డు నిర్ణయించుకునేవి. 2014 వరకు ఒకే రాష్ట్రంగా ఉన్న తెలుగు ప్రాంతాల మధ్యనే 11 శాతానికి పైగా తేడా కనిపించడాన్ని బట్టి, ఉత్తీర్ణతా శాతం ఒక్కటే నాణ్యతకు గీటురాయి కాజాలదని గ్రహించవచ్చు. పైగా ఇందులో ప్రైవేటు పాఠశాలల విద్యార్థులు కూడా ఉంటారు.

ప్రభుత్వ బడి అంటే ఏది?

కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంటే ఎయిడెడ్ పాఠశాలల సంఖ్య ఎక్కువ. వాటిలో ఉపాధ్యాయుల జీతాలను ప్రభుత్వమే చెల్లిస్తుంది. వీటిని ప్రైవేటుగా లెక్కిస్తే కేరళ ప్రభుత్వ విద్య చిన్నదిగాను, కలిపితే పెద్దదిగాను కనిపిస్తుంది.

తెలుగునాట మరొక విశేషం గురుకులాలు. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభమైన గురుకుల పాఠశాల ఈ విధానానికి నాంది పలికింది. ఆయన కేంద్ర మంత్రిగా ఉన్న 1985-86లో నవోదయ విద్యాలయాలు ఆరంభమయ్యాయి. అయితే ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను ఎంపిక చేసుకునే గురుకులం ఫలితాన్ని, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే వాడబడి ఫలితంతో పోల్చడం న్యాయం అనిపించుకోదు.

గ్రంథాలయం సైతం ప్రజావిద్యలో భాగమే. గ్రంథాలయ చట్టాన్ని స్వతంత్ర భారతదేశంలో మొదట 1948లో మద్రాసు రాష్ట్రం తీసుకురాగా, హైదరాబాద్ రాష్ట్రం 1955లో అనుసరించింది. బడికి వెలుపల పేద విద్యార్థికి లభించే ఈ ఆసరాను పైన పేర్కొన్న రెండు సూచికలూ ప్రత్యేక విభాగంగా లెక్కించడం లేదు.

గమనించవలసిన అంశాలు

రాష్ట్రాలను పోల్చేవారు నాలుగు విషయాలు నిర్ధారించుకోవడం మంచిది. ఒకటి, అంకె ఏ సంవత్సరానిది. రెండు, అది గ్రామాలకా, పట్టణాలకా, రెండింటికా. మూడు, ఏయే యాజమాన్యాల పాఠశాలలు అందులో చేరాయి. నాలుగు, మొత్తం పాయింట్లలో పిల్లల అభ్యసనానికి దక్కిన వాటా ఎంత.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. డీఎస్సీ ద్వారా ఎంపికై వెళ్లే ఉపాధ్యాయుని ఎదుట కూర్చునేది ఆ ముప్ఫై మంది. రాష్ట్రం ఏ ర్యాంకులో ఉన్నప్పటికీ, వారిలో ఎందరు తమ తరగతి పుస్తకాన్ని తడబాటు లేకుండా చదవగలుగుతున్నారన్నదే ఆ ఉపాధ్యాయుడు స్వయంగా తీసుకోగలిగిన లెక్క. సూచికలన్నింటికీ మూలం ఆ లెక్కే.